పెద్ద సిస్టర్‌గారి శుభ శుక్రవారం

ఏప్రిల్ 18, 2025. శుభ శుక్రవారం. ఉదయం ఏడింటికి మఠం భోజనాల గదిలో ఉన్నవారు: మదర్ సుపీరియర్, పెద్ద సిస్టర్‌గారు, డిస్పెన్సరీ చూసే నర్సు సిస్టర్, వంట చూసే సిస్టర్, నేను. మొత్తం అయిదుగురం. బడిలో పాఠాలు చెప్పే ఇద్దరు సిస్టర్లు మైలవరం దగ్గర ఒక ఊళ్ళో సిలువ మార్గం జరిపించడానికి ముందురోజే బస్సెక్కారు.

ఆ రోజు మా మఠంలో ఎలా గడుస్తుందో ముందు చెప్పాలి. గురువారం రాత్రి పూజ అయిన దగ్గర్నుంచి గంట మోగదు. ప్రార్థనకి పిలవాలంటే వరండాలో రెండు చెక్కలు కొడతారు. పీఠం మీద గుడ్డ తీసేస్తారు. శుక్రవారం సాయంత్రం భోజనం అయ్యేదాకా ఎవరమూ మాట్లాడం. అవసరమైతే సైగ, అదీ కుదరకపోతే చీటీ. పొద్దున మంచినీళ్ళే. మూడింటికి మా పేట క్రైస్తవులందరి విచారణ గుడికి వెళ్ళి, ప్రభువు శ్రమల చరిత్ర విని, సిలువను ముద్దుపెట్టుకుని వస్తాం. అయిదు దాటాక ఒక్కటే భోజనం: నూకల జావ, ఉప్పు, పచ్చిమిరపకాయ. బల్లలు గోడకి జరిపి నేల మీద కూర్చుని తింటాం.

మా నిశ్శబ్దంతో మఠాన్ని ఆనుకుని ఉన్న ఆటోనగర్‌కి సంబంధం లేదు. ప్రహరీ అవతల లారీ బాడీలు కట్టే షెడ్డులో సుత్తి దెబ్బలు రోజూలాగే మొదలవుతాయి. కొత్తగా వచ్చిన సిస్టర్లు విసుక్కునేవారు. పెద్ద సిస్టర్‌గారు మాత్రం ఎప్పుడూ విసుక్కోలేదు. ప్రభువుకి మేకులు కొట్టిన రోజున సుత్తి వినబడితే తప్పేముందని అనేవారు.

ఆవిడకి ఎనభై ఆరేళ్ళు. వ్రతాలు తీసుకునే ముందు నొవీషియేట్ శిక్షణలో ఉన్నప్పుడు నాకు మఠ జీవితం నేర్పింది ఆవిడే. ఇప్పటి మదర్‌కి తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పిందీ ఆవిడే. రెండేళ్ళ కిందట మోకాళ్ళ వల్ల ఊళ్ళు తిరగడం మానుకున్నారు. కిందటేడు జ్ఞానోపదేశం చెప్పడం మానుకున్నారు. ఈ ఏడు గొంతు అందడం లేదని జపమాల నడిపించడమూ మానుకున్నారు. మాతో కలిసి చెయ్యడానికి ఆవిడకి మిగిలినవి కొన్నే.

ఫిబ్రవరిలో షుగర్ పడిపోయి స్నానాల గది దగ్గర కూలబడ్డారు. ఇన్సులిన్ వేసిన అరగంటలో తినాల్సిందే, ఒక్క పూట తప్పినా ఊరుకోనని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. అరవై దాటినవారికి ఎలాగూ ఉపవాస నియమం లేదు. ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదట్లో మదర్ ఆ మాటే గుర్తుచేస్తే పెద్ద సిస్టర్‌గారు, "అరవై దాటితే ఉండనక్కర్లేదన్నారు. ఉండకూడదన్నారా?" అన్నారు. మదర్ నవ్వేశారు. అది సరదాకన్న మాటేనని, పెద్ద సిస్టర్‌గారు ఒప్పుకున్నట్టేనని మేమంతా అనుకున్నాం.

శుక్రవారం ఆరూ యాభైకి నర్సు సిస్టర్ సూది సిద్ధం చేసుకుని ఆవిడ గదికి వెళ్ళింది. సూది చూపించి, తర్వాత భోజనాల గది వైపు చెయ్యి చూపించింది. ఆవిడ తలూపి చెయ్యి చాచారు. నేను గుమ్మంలోనే ఉన్నాను. మామూలు రోజైతే "తింటారుగా?" అని నోటితో అడిగేది. ఆ రోజు నోరు విప్పకూడదు కాబట్టి సైగతోనే సరిపెట్టింది.

ఏడూ అయిదుకి వంట సిస్టర్ ఆవిడ ముందు రెండు ఇడ్లీలు, చట్నీ పెట్టింది. ఆవిడ వాటి మీద మూత పెట్టి, పళ్ళెం అవతలికి జరిపి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మొదట నిశ్శబ్దం తప్పింది నర్సు సిస్టర్.

"సిస్టర్‌గారూ, సూది వేసేశానండీ. ఇందాక తలూపారు కదా."

"సూదికి ఊపాను. ఇడ్లీకి ఊపలేదు."

"ఫిబ్రవరిలో ఏమైందో మర్చిపోయారా?" అన్నారు మదర్. "తినకపోతే మళ్ళీ పడిపోతారు."

"పడిపోతే పడిపోతాను. పంతొమ్మిదో ఏట మఠంలో చేరాను. అప్పట్నించీ ఈ రోజున పొద్దున పూట ఏదీ ముట్టలేదు. మీరంతా పస్తుంటే నేనొక్కదాన్నీ మధ్యన కూర్చుని చట్నీ నంజుకోవాలా, పెళ్ళికొచ్చిన వియ్యపురాల్లాగా?"

వంట సిస్టర్‌కి నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నవ్వకు. తాలింపు కూడా పెట్టావు, ఈ రోజున."

"లేకపోతే మీరు తినరు కదండీ."

ఆవిడ మదర్ వైపు తిరిగారు. "విధేయత వ్రతం పేరు చెప్పి ఆజ్ఞ ఇవ్వండి, మదర్. ఇప్పుడే తింటాను."

మదర్ మొహం కందిపోయింది. ఆ ఆజ్ఞ ఊరికే ఇచ్చేది కాదు. యాభై ఏళ్ళ పైన మఠంలో ఉండి నేనొకసారైనా వినలేదు. ఇస్తే ఆవిడ మారుమాట లేకుండా తినేవారు, కానీ ఆ తర్వాత మాలో ఒకరిగా ఆ బల్ల దగ్గర కూర్చోలేకపోయేవారు. మదర్‌కి ఆ సంగతి తెలుసు. గోడ గడియారం ఏడూ పదిహేను చూపిస్తోంది. పెద్ద సిస్టర్‌గారి పెదవి మీద చెమట పట్టింది.

అప్పుడు నాకు మా నొవీషియేట్ రోజులు తట్టాయి.

"మదర్, పూర్వం ఈ రోజున ఉపవాసం కంటే కష్టమైంది ఇంకోటి ఉండేది," అన్నాను. "అడుక్కుని తినడం. ఖాళీ పళ్ళెం పట్టుకుని అందరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి చాచాలి. ఎవరేం వేస్తే అది, ఎంత వేస్తే అంత, వద్దనకుండా తినాలి. నాకు నేర్పింది ఈవిడే."

"అదెప్పుడో తీసేశారు," అన్నారు పెద్ద సిస్టర్‌గారు.

"చెయ్యనక్కర్లేదన్నారు. చెయ్యకూడదన్నారా?"

ఆవిడ నా వైపు తిరిగారు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పేదాన్నని నన్ను 'లెక్కలూ' అనే పిలుస్తారు. "ఏమ్మా లెక్కలూ, నా మాట నాకే అప్పజెప్తున్నావా?" అన్నారు. తర్వాత రెండు చేతులూ బల్ల మీద ఆనించి లేచారు.

మదర్ ఇడ్లీలు తీయించేశారు. ఎండెక్కకముందే కాచిపెట్టుకున్న మా సాయంత్రపు జావ గిన్నె తెప్పించారు. మేం నలుగురం వరసగా నిలబడ్డాం. పూర్వం మోకాళ్ళ మీద వెళ్ళేవాళ్ళం. ఆవిడ వంగలేరు కాబట్టి నడిచే వచ్చారు.

"దేవుని ప్రేమ కోసం భిక్ష పెట్టండమ్మా."

నర్సు సిస్టర్ ఒక గరిటె వేసింది. వంట సిస్టర్ రెండు గరిటెలు వేస్తే, "ముష్టిదానికి ఇంతెవరు వేస్తారే?" అన్నారు. నేనొక గరిటె వేశాను. చివర మదర్. మదర్ గడియారం వైపు చూస్తూ గరిటె వంచారు. జావ పళ్ళెం అంచు మీద పడి పెద్ద సిస్టర్‌గారి బొటనవేలి మీదికి జారింది.

"వేడి లేదులే, వెయ్యి," అన్నారు పెద్ద సిస్టర్‌గారు.

కూర్చుని పళ్ళెం తుడిచినట్టు తిన్నారు. ఏడూ ఇరవై ఎనిమిదికి ముగిసింది. ఎనిమిదింటికి పరీక్ష చేస్తే షుగర్ నూట నాలుగు ఉంది. అప్పటిదాకా మదర్ కుర్చీలో కూర్చోలేదు.

మధ్యాహ్నం పన్నెండున్నరకి ఎవరూ పిలవకుండానే ఆవిడ పళ్ళెం పట్టుకుని వచ్చారు. దాంతో సాయంత్రానికి జావ సగానికి సగం తగ్గింది. మేము నేల మీద, ఆవిడ గోడ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నది పంచుకున్నాం. పచ్చిమిరపకాయలు మాత్రం మిగిలాయి.

శనివారం ఉదయం ఏడింటికి మదర్ భోజనాల గదిలో కిటికీలు తెరుస్తుంటే పెద్ద సిస్టర్‌గారు మెల్లిగా నడుచుకుంటూ ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"నిన్న మిమ్మల్ని ఇరకాటంలో పెట్టాను. క్షమించండి, మదర్."

"తొమ్మిదో తరగతిలో పెట్టినదాంతో పోలిస్తే అదెంతలెండి."

"పద్యం అప్పజెప్పకుండా వస్తే బెంచీ ఎక్కించక ఏం చెయ్యమన్నావు?"

వంట సిస్టర్ రెండు ఇడ్లీలు తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. మా మఠంలో శనివారం పొద్దున కూడా ఎవరమూ తినం. అది శాసనం కాదు, ఎప్పట్నించో వస్తున్న అలవాటు. మదర్ ఇంకో పళ్ళెం తీసుకుని, తనకీ రెండు ఇడ్లీలు వేయించుకుని ఆవిడ పక్కన కూర్చున్నారు. వంట సిస్టర్ నా వైపు చూసింది. నేను మదర్‌కి మంచినీళ్ళ గ్లాసు జరిపాను.

చట్నీలో ఉప్పు ఎక్కువైందని ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

"నిన్నంతా జావ తప్ప ఇంకోటి ఎరగని నాలికలండీ అవి. ఇవాళ ఏది పెట్టినా అలాగే ఉంటది," అంది వంట సిస్టర్.