పెదనాయన కోరుకున్న వాయుగుండం

మొన్న మార్కాపురంలో టీ కొట్టు రేడియో బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని చెప్పగానే, పక్కనున్న పెద్దమనిషి "దేవుడా, ఈసారన్నా మా పక్కకు తిప్పు" అని చేతులు జోడించాడు. నోట్లోని టీ బయటికెళ్లి ఉమ్మేసి వచ్చాను. కొట్టువాడు తన టీకే అవమానం జరిగిందనుకున్నాడు.

మద్రాసు రాజధాని కాలంలో మా కంభం సీమకు గట్టి వాన కావాలంటే సముద్రంలో తుఫాను లేవాల్సిందే. ఒడ్డున ఇళ్లు పీకిన గాలి మా కొండల దాకా వచ్చేసరికి మెత్తబడి, ముసురు పట్టి, చెరువు నింపి పోయేది. మూడో తరగతితో బడికి దండం పెట్టిన నాకే ఈ లెక్క తెలుసంటే మా పెదనాయనకు తెలియదా? కార్తీకం వచ్చిందంటే ఆయన రోజూ రైలు స్టేషనుకు పోయేవాడు. బండ్లు జాగ్రత్తపడాలని తుఫాను కబురు తంతిలో ముందు అక్కడికే వచ్చేది. ఒకటి రెండుసార్లు నేనూ వెంట పోయాను.

"సామీ, ఇయ్యాలన్నా గుండం పడిందా?"

"పడితే సముద్రం ఒడ్డున జనం చస్తారయ్యా" అనేవాడు స్టేషన్ మాస్టరు.

"అందరం పొయ్యేటోళ్లమే సామీ. మా చెరువు నిండాల గదా!"

ఎండిన జొన్నచేను చూసినవాడి మాటే అది. కానీ మా పెద్దమ్మ పుట్టిల్లు ఒంగోలు అవతల సముద్రం ఒడ్డునే. ఆమెకున్న ఒక్క తమ్ముడు అక్కడ ఉప్పు కొటారులో పని చేస్తూ తాటాకు గుడిసెలో ఉండేవాడు. గుండం పడకూడదని ఆమె మొక్కేది, పడాలని ఈయన మొక్కేవాడు. ఇద్దరి టెంకాయలూ ఒకే దేవుడికి. ఆ దేవుడి అవస్థ పగవాడికి కూడా వద్దు.

ఒకనాడు పెదనాయన వాకిట్లోంచే కేకేశాడు. "ఏమే, ఒంగోలు పక్కకే వస్తాండాదంట! భక్ష్యాలకు పప్పు నానెయ్యి!"

పెద్దమ్మ చేట కింద పెట్టింది. "మా తమ్మునికి తంతి కొట్టిచ్చినావా?"

"తంతా? తోచలేదే..."

"నీకెట్ల తోస్తాదిలే. పప్పు తోచింది గదా!"

చెంగు నడుముకు చుట్టి స్టేషనుకు పరుగెత్తింది. నేను వెనకాలే పోయాను. "తీగలు తెగినాయి తల్లీ" అన్నాడు మాస్టరు, ఆమె కళ్లలోకి చూడకుండా. తిరిగొచ్చేటప్పుడు చినుకులు మొదలయ్యాయి. దారి పొడుగునా జనం మొహాలు వెలిగిపోతున్నాయి.

చెరువు అలుగు పారింది. ముంపు నీళ్లు తీశాక సముద్రం ఒడ్డు నుంచి ఒకడు కబురు తెచ్చాడు. గుడిసె లేదు, అందులో మనిషీ లేడు. ఆ ఏడు మా గాదె నిండింది కానీ పెద్దమ్మ ఆ జొన్నరొట్టె ముట్టలేదు. బతిమాలితే, "మీరు తినండి నాయనా. నాకు మావాని మాంసం తిన్నట్లుంటాది" అనేది. పెదనాయన తల వంచుకుని నమిలేవాడు. నమలడం మాత్రం మానలేదు.

ఇప్పుడు కబురు ముందుగానే ఇంటింటికీ వస్తోంది. అది వినగానే ముందు ఎవరు గుర్తుకు రావాలో మాత్రం, ఇన్నేళ్లు గడిచినా, కాలం మాకు నేర్పలేదు.