ఆఖరి పడవకు అరగంట ముందు

నేను సముద్రం చూడలేదు. కానీ ఓడ ప్రయాణాలకు వెళ్ళే మా ఊరి గ్రూపులు ఒడ్డున దిగిన రోజు ఎన్నింటికి ఎక్కడుండాలో కాగితం మీద వేసిచ్చేది నేనే. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ఒక చిన్న టూర్ల ఆఫీసులో పదకొండేళ్ళుగా ఇదే పని.

పెద్ద ఓడ అన్నిచోట్లా ఒడ్డుకు ఆనుకోదు. లోతు లేని దీవుల దగ్గర దూరంగా లంగరు వేసి నిలబడుతుంది. జనాన్ని చిన్న బోట్లలో దించుతారు. వాటిని టెండర్ బోట్లంటారు. అలాంటి చోట ముందు చూడాల్సింది ఊరు కాదు, బోటు. ఎక్కడానికి పది నిమిషాలు, దిగడానికి పది, పోవడానికి పదిహేను, రావడానికి పదిహేను. అంటే బోటు తిరిగి ఓడ పక్కకు రావడానికి యాభై నిమిషాలు. రెండు బోట్లుంటే ఇరవై ఐదు నిమిషాలకొకటి బయల్దేరుతుంది. గ్రూపులకు తమది ఎన్నో బోటో ముందే చెప్తారు. అది తెలిస్తే చాలు, ఒడ్డు మీద మీకెంత సమయం ఉంటుందో లాలాగూడలో నా గదిలో కూర్చుని చెప్పగలను.

ఈ లెక్క నాకెవరూ నేర్పలేదు. ఇంటర్‌తోనే చదువు ఆగింది. మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. మా క్వార్టర్‌లో గోడ గడియారం ఎప్పుడూ పది నిమిషాలు ముందుండేది. అది ముందుందని ఇంట్లో అందరికీ తెలుసు. అందరూ మనసులో పది తీసేసుకుని నింపాదిగా బయల్దేరేవాళ్ళు. నాకు మాత్రం తీసెయ్యడానికి ధైర్యం చాలేది కాదు. అది చూపించిన టైముకే వీధిలో ఉండేవాణ్ణి. ఇప్పటికీ అంతే. ఏ పెళ్ళికి పోయినా ఇంకా కుర్చీలు వేస్తుండగానే చేరతాను. నా పెళ్ళి నాలుగేళ్ళు నిలిచింది. పోయేముందు ఆమె, "మీతోని ఏడికి పోయినా ఆడ మనిద్దరమే ఉంటుంటిమి," అంది. కోపంగా అనలేదు. జరిగింది చెప్పినట్టు చెప్పింది.

కిందటేడు ఒక చర్చి మహిళా సంఘం వాళ్ళు ముప్పై ఎనిమిది మంది లక్షద్వీప్ వైపు ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. వాళ్ళలో ఒక టీచరమ్మ ఉన్నారు. మౌలాలిలో ఉంటారు. డెబ్బై నాలుగేళ్ళు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒకరోజు ఒక్కరే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చున్నారు.

"బాబూ, నాకు ఆ గాజు అడుగున్న పడవా వద్దు, కొబ్బరినీళ్ళూ వద్దు. ఆ దీవిలో లైట్‌హౌస్ ఉంది. దాని కింద మెట్టు మీద కాసేపు కూర్చుని రావాలి. అవుతుందో అవదో లెక్క వేసి చెప్పు."

వాళ్ళాయన ఆ లైట్‌హౌస్‌లో రెండేళ్ళు పనిచేశారట. కొత్తగా పెళ్ళయిన రోజులు. ఆమెకు బడిలో అప్పుడే ఉద్యోగం వచ్చింది, సెలవు దొరకలేదు. ఆయన రాసిన ప్రతి ఉత్తరం ఒకేలా మొదలయ్యేదట: కింది మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. తర్వాత ఇటు బదిలీ అయింది, పిల్లలూ బళ్ళూ వచ్చిపడ్డాయి, ఆ మాటే మరిచిపోయారు. ఆయన పోయి ఆరేళ్ళు.

"ఆ మెట్టు తూర్పుకుందో పడమరకుందో కూడా నాకు తెలియదు," అన్నారు. "ఆయన రాయలేదు, నేను అడగలేదు."

ఫోన్‌లో మ్యాపు పెట్టి కొలిచాను. రేవు నుంచి లైట్‌హౌస్‌కు ఆరువందల యాభై మీటర్లు. ఇక ఆమె నడక తెలియాలి. ఒక ఆదివారం మౌలాలి పోయి, ఆమె గేటు నుంచి చర్చి దాకా పక్కనే నడిచాను. నాలుగు వందల మీటర్లకు పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో ఒకావిడతో మాట్లాడటానికి ఆగితే గడియారం ఆపాను.

"ఏంటి బాబూ, పరుగు పందెమా?" అన్నారు.

"లేదమ్మా, మీ స్పీడ్ తీస్తున్న."

"నా స్పీడ్ ఎప్పుడో తీసేశారు దేవుడు," అని నవ్వారు. నడుస్తూనే నోటిలెక్క కట్టి, "నిమిషానికి ముప్పై ఆరు మీటర్లు. పద్దెనిమిది నిమిషాల్లో చేరతాను," అన్నారు. నేను ఇంటికి పోయి కాగితం మీద వేస్తే అదే వచ్చింది.

వాళ్ళ గ్రూపుది ఏడో బోటు. పదకొండున్నరకు ఓడ విడుస్తుంది, పన్నెండుకు అయిదు నిమిషాలు తక్కువకు ఒడ్డున ఉంటారు. తిరిగి వచ్చే ఆఖరి బోటు నాలుగింటికని రేవు ఊళ్ళో ఉండే మా ఏజెంటు రాసి పంపాడు. నేను కాగితంలో మూడున్నర అని వేశాను. ప్రతిసారీ అలాగే వేస్తాను, ఎవరికీ చెప్పను. మనవాళ్ళు నాలుగంటే నాలుగుంబావుకు వస్తారు. ఆఖరి బోటు తప్పితే ఓడ ఆగదు. ఆ అరగంట నా చేతిలో ఉంటే నాకు ధైర్యం.

ఆమెకు ఎంత లేదన్నా రెండున్నర గంటలు మిగులుతున్నాయి. కాగితం మీద లైట్‌హౌస్ దగ్గర ఎర్ర పెన్నుతో చిన్న గీత గీసి ఇచ్చాను.

వాళ్ళు దీవి చేరే రోజు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. కారణం ఏం రాయాలో తెలియక సొంత పని అని రాశాను. గదిలో ఉన్న ఒక్క కుర్చీనీ కిటికీ దగ్గరకు లాక్కుని, కాగితం కాపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదికి మొదటి బోటు. తొమ్మిదీ ఇరవై ఐదుకు రెండోది. కింద ఎవరో బండి కడుగుతున్నారు. పదకొండున్నరకు వాళ్ళ బోటు విడిచింది. పన్నెండూ పావుకు ఆమె లైట్‌హౌస్ చేరారు. నేను అన్నం వండుకోలేదు, లేస్తే ఆమె పక్క నుంచి లేచినట్టుంటుందనిపించింది. మెట్టు తూర్పుకుంటే ఆ వేళకు నీడ పడుతుంటుంది, పడమరకుంటే ఎండ మొదలవుతుంటుంది. గొడుగు తెచ్చుకోమని చెప్పలేదే అనుకున్నాను. రెండూ నలభై అయిదుకు ఆమెను లేపి రేవుకు నడిపించాను. మూడున్నరకు బోటెక్కించాను. అప్పుడు లేచి కుక్కర్ పెట్టాను. అంత మంచి రోజు నాకీమధ్య గడవలేదు.

తిరిగొచ్చాక ఆమే ఫోన్ చేసి రమ్మన్నారు. కరకరలాడే గులాబీ పువ్వుల పిండివంట ప్లేటులో పెట్టి, టీ ఇచ్చి, ఓడలో గదులు ఎంత చిన్నవో, భోజనాలు ఎంత ఎక్కువో చెప్పారు. నేనే అడగాల్సి వచ్చింది.

"మెట్టు ఎటుందమ్మా?"

"చూడలేదు బాబూ."

పొద్దున అలలు లేచాయట. తొమ్మిదీ యాభైకి మూడో బోటు పోయాక ఆపేశారు. మళ్ళీ పన్నెండూ నలభైకి షురూ చేశారు. వాళ్ళ ఏడో బోటు ఒడ్డు చేరేసరికి రెండూ ఇరవై. వాళ్ళ సంఘం సెక్రటరీ గారు ఆఖరి బోటు మూడింటికేనని, పావుగంట ముందే వరసలో ఉండాలని అందరికీ చెప్పారట. మిగిలింది ఇరవై ఐదు నిమిషాలు. పోయి రావడానికే ముప్పై ఆరు కావాలి.

"రేవులో బెంచీ ఉంటే కూర్చున్నాను. లెక్క వచ్చినవాళ్ళకు ఆశ తొందరగా పోతుంది," అన్నారు. "ఓడెక్కి డెక్కు మీద నిలబడితే లైట్‌హౌస్ బాగా కనబడింది, ఎర్ర చారలూ అవీ. మెట్లు మాత్రం కొబ్బరిచెట్ల వెనకున్నాయి. బోట్లు పోతూనే ఉన్నాయి, వస్తూనే ఉన్నాయి. నాలుగున్నర దాకా వచ్చాయి. అవి వేరేవాళ్ళవట. ఓడవాళ్ళ కాగితంలో నాలుగున్నరని నేనూ చూశాను. మన గ్రూపుకు వేరే టైమన్నారు సెక్రటరీ గారు."

గ్రూపుకు వేరే టైమనేది ఉండదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. టీ తాగేసి వచ్చేశాను.

మరునాడు సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. గట్టి మనిషి, అందరినీ గదమాయించి నడిపించే మనిషి.

"నేను మూడున్నర అని రాసిన గదమ్మా. మీరు మూడని ఎట్ల చెప్పిన్రు?"

"మనోళ్ళ సంగతి నీకు తెల్వదా అన్నా? మూడున్నరంటే నాలుగింటికొస్తరు. అందుకే అరగంట ముందే చెప్పిన. మంచిదే చేసిన గద, ఒక్కరు సుత తప్పిపోలే."

ఏజెంటుకు చేశాను. "ఓడవాళ్ళు నాలుగున్నరనే ఇచ్చారండి," అన్నాడు. "మీకు నాలుగని పంపాను. ఎప్పుడూ అలాగే పంపుతాం కదా, సేఫ్టీకి."

పదకొండేళ్ళలో అతను ఎన్నిసార్లు అలా పంపాడో, దాని మీద నేను ఎన్నిసార్లు నా అరగంట వేశానో లెక్క కట్టబోయి ఆపేశాను.

ఆమెకు చెప్పకపోయినా నడిచేది. అలల మీదికి పోయిన తప్పు అది, ఎవరూ నన్ను అడగలేదు. పది రోజులు అట్లాగే ఉన్నాను. రోజూ ఆఫీసుకు ముప్పావుగంట ముందే పోయి, తాళం తియ్యకముందే మెట్ల మీద కూర్చునేవాణ్ణి. పదకొండో రోజు మౌలాలి పోయాను.

నిలబడే చెప్పాను. ఏజెంటు అరగంట, నా అరగంట, సెక్రటరీ గారి అరగంట. నాలుగున్నర బోటు మీది కూడా అని చెప్పాను.

ఆమె, పిల్లల చేత బోర్డు మీద లెక్క చేయించే గొంతుతో, "నాలుగూ పావుకు వరసలో ఉండాలి. రెండూ ఇరవై నుంచి నాలుగూ పావు దాకా ఎంత?" అన్నారు.

"నూట పదిహేను నిమిషాలమ్మా."

"ముప్పై ఆరు తీసెయ్."

"డెబ్బై తొమ్మిది."

"డెబ్బై తొమ్మిది," అన్నారామె. "పీరియడ్ నలభై నిమిషాలు బాబూ. రెండు పీరియడ్లకు ఒక్క నిమిషం తక్కువ." కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకున్నారు. "ఏమీ లేదనుకున్నప్పుడే బాగుండింది. ఇప్పుడు ఇంత ఉండిందని తెలిసింది."

క్షమించండి అన్నాను. ఆమె పర్వాలేదనలేదు. ఆమె అంటారని నేను ఎదురుచూడలేదు కూడా. కాసేపయ్యాక చెప్పులు వేసుకోబోయాను.

"ఎక్కడికి?"

"బస్సుందమ్మా. అయిదూ పదికి."

గోడ మీద టైము చూశారు. నాలుగూ నలభై అయిదు.

"నిజంగా అయిదూ పదికేనా?"

నేను చెప్పులోంచి కాలు తీశాను. "అయిదూ నలభైకి," అన్నాను.

"ముందుకు జరిపి చెప్పడం ఆపేశావా, ఇంకా ఏమైనా ఉందా?"

"దాని తర్వాత ఆరుంబావుకు ఇంకోటుంది."

"అయితే కూర్చో," అన్నారు. లోపలికి పోయి పాత ఉత్తరాలున్న బిస్కెట్ల డబ్బా ఒకటి తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టారు. కళ్ళజోడు నా చేతికే ఇచ్చి, "దీంతో ఈమధ్య సన్న అక్షరం ఆనడం లేదు. నువ్వు చదువు," అన్నారు. ఆ కళ్ళజోడు నాకెందుకో తెలియలేదు, జేబులో పెట్టుకున్నాను.

మొదటిది విప్పాను. కింది మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను, అని ఉంది. చదివి ఆగాను.

"తొందరేముంది," అన్నారామె, "మెల్లగా చదువు."