ఇద్దరి పేర్ల కవర్లు

నోరీన్ హేగ్ చేసిన తప్పల్లా వానలో తడుస్తున్న మనిషిని లోపలికి రమ్మనడం. ఇంకొకరి విషయంలో అయితే అది పుణ్యం కింద జమ. గుమ్మంలో నిలబడ్డవాడు ఇంటిపన్ను బాకీకి సామాను జప్తు చేయడానికొచ్చిన అమీనా అయినప్పుడు మాత్రం అది కొరివితో తల గోక్కోవడమే.

బాట్లీ ఊళ్ళో ఆ వీధి వీధికంతా తెలిసిన సంగతే ఇది. పన్ను బాకీకి వచ్చిన అమీనా మొదటిసారి తలుపు విరగ్గొట్టి రాలేడు. నువ్వు తెరిచి, నువ్వు దారిస్తేనే రావాలి. ఒక్కసారి లోపలికొచ్చి, సామాను జాబితా రాసుకుని, నీచేత సంతకం పెట్టించుకున్నాడా, ఆ తర్వాత నువ్వు ఎన్ని గడియలు పెట్టుకున్నా ఒకటే. పక్కింటి బెర్నిస్ ఇరవై ఏళ్ళుగా ఆ జాతితో తలుపుకున్న ఉత్తరాల కంతలోంచే మాట్లాడుతోంది. ఆమె ఇంట్లోంచి ఇంతవరకు ఒక చెంచా కూడా బయటికి పోలేదు.

నోరీన్‌కు మాత్రం ఇవన్నీ తెలియవా? తెలుసు. కానీ మే నెలలో ఆ మంగళవారం కుండపోతగా కురుస్తోంది. గారెత్ లమ్ అనే ఆ అమీనా చెవుల మీంచి నీళ్ళు కారుతుంటే, లోపలికి రావచ్చా అమ్మా అని వినయంగా అడిగాడు. మీటరు చూడటానికొచ్చినవాడికీ, మురుగుకాలవ బాగుచేయడానికొచ్చినవాడికీ టీ ఇవ్వకుండా పంపని ఇల్లు అది. అరవై ఒక్క ఏళ్ళ అలవాటు ఆమె నోటిని వదల్లేదు. వచ్చి కూర్చోండి, పాలు ఎక్కువా తక్కువా అని అడిగింది.

అతను టీ తాగాడు, రెండు బిస్కెట్లు తిన్నాడు, బాగున్నాయన్నాడు. తర్వాత కాగితం తీశాడు. పొయ్యి, ఫ్రిజ్, మంచం జోలికి చట్టం పోనివ్వదు. సోఫాను ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. టీవీ రాసుకున్నాడు. ఆపైన అల్మరా మీద మెరుస్తున్న కార్నెట్ బాకా దగ్గర ఆగాడు. నోరీన్ ప్రతి ఆదివారం దాన్ని మెత్తటి గుడ్డతో తుడుస్తుంది. దాని వంపులో ముఖం చూసుకోవచ్చు.

"ఇదెవరిదమ్మా?"

"మా క్లిఫర్డ్‌ది. నలభై ఏళ్ళు బ్యాండులో వాయించాడు."

"ఆయన లేరా?"

"బయటికెళ్ళాడు," అంది నోరీన్.

పన్ను బిల్లు ఇద్దరి పేర్ల మీదా ఉంది కాబట్టి ఆయన సామానూ లెక్కలోకి వస్తుందని గారెత్ చెప్పాడు. వారానికి ముప్ఫై పౌండ్లు కడుతున్నంతకాలం ఏదీ కదలదు. ఒక్క వారం తప్పితే మళ్ళీ వస్తాడు, ఈసారి అడగక్కర్లేదు. ఆమె సంతకం పెట్టింది. వెళ్తూ వెళ్తూ కప్పు తనే కడిగిపెట్టాడు, ఆ మాత్రం మర్యాద ఉన్నవాడే.

క్లిఫర్డ్ బయటికెళ్ళిన మాట నిజమే. రెండున్నరేళ్ళ కిందట, నవంబరు పద్నాలుగున, ఊపిరితిత్తులు చెడిపోయి వెళ్ళాడు. ఊరిపైన శ్మశానంలో ఉన్నాడు.

మరణం నమోదు చేసే ఆఫీసులో ఉద్యోగిని ఆ రోజే చెప్పింది, పన్ను వేసే కౌన్సిల్‌కు కబురు పెట్టండమ్మా, ఒంటరివాళ్ళకు పన్నులో నాలుగోవంతు తగ్గిస్తారని. నోరీన్ అలాగేనంది. ఫిబ్రవరిలో కాగితం వచ్చింది. ఈ ఇంట్లో పెద్దవాళ్ళు ఎంతమంది అని ఒక గడి. ఆమె పెన్ను పట్టుకుని టీ చల్లారేదాకా కూర్చుని, రెండు అని రాసి పంపింది. ఇంకేం రాస్తుంది పాపం? మేడ మీద అతని కోటు తలుపు వెనకే వేలాడుతోంది. కళ్ళజోడు కిటికీలోనే ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఇద్దరున్న ఇంటిని ఒక్క అంకెతో ఒంటిది చేయమంటే ఆమెకు చెయ్యి రాలేదు.

అలా చచ్చిపోయిన మనిషికి కూడా పన్ను పడుతూ వచ్చింది. అతని పింఛను ఆగింది, పన్ను ఆగలేదు. అంత్యక్రియలకు వాడిన కార్డు అప్పు ఒకపక్క నెలనెలా గుంజుతోంది. బడి వంటగదిలో మధ్యాహ్నాలు పిల్లలకు వడ్డించే జీతం ఏ మూలకు? కౌన్సిల్ ఉత్తరాలు తెల్లవి వచ్చాయి, తర్వాత ఎర్ర అక్షరాలవి వచ్చాయి. ఒక్కటీ విప్పలేదు. అన్నీ రొట్టెల డబ్బాలో పేర్చింది.

ఇది తెలిసి బెర్నిస్ తల పట్టుకుంది. "నీకేమైనా మతిపోయిందా నోరీన్? కవరు విప్పకపోతే అప్పు ఆవిరైపోతుందనుకున్నావా?"

భయం అని చెప్పి తప్పించుకుంది నోరీన్. భయం ఉంది, లేదనను. కానీ ఆ కవర్ల మీది అద్దపుకాగితం కిటికీలో శ్రీ సి. హేగ్, శ్రీమతి ఎన్. హేగ్ అని పక్కపక్కన కనిపిస్తుంది. ఈ లోకంలో వాళ్ళిద్దర్నీ ఇంకా కలిపి పిలిచేది ఆ కౌన్సిల్ ఒక్కటే. ఆ మాట బెర్నిస్‌తో ఎలా చెబుతుంది?

జూన్ గడిచింది, జూలై గడిచింది, వారం తప్పకుండా ముప్ఫై కట్టింది. రాత్రి భోజనం మానేసి బ్రెడ్డు ముక్క మీద బీన్స్ వేసుకుని సరిపెట్టుకుంది. జూలై చివర బడులు మూశారు. వంటగది కాంట్రాక్టరుది పనుంటేనే కూలి, పని లేకపోతే సున్నా. ఆగస్టు మొదటి వారం పది పౌండ్లు పంపింది. రెండో వారం ఏమీ పంపలేకపోయింది.

అప్పుడు బెర్నిస్ ఆమెను, రొట్టెల డబ్బాను కలిపి లైబ్రరీకి లాక్కెళ్ళింది. ప్రతి గురువారం అక్కడ అప్పులవాళ్ళకు ఉచితంగా సలహా చెబుతారు. బల్ల వెనక సఫియా పటేల్ అనే అమ్మాయి కూర్చుని ఉంది. చూడగానే లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళ కిందట బడిలో నోరీన్ చేతి కస్టర్డు మూడోసారి అడిగి తిన్న పిల్ల అది. ఇప్పటికీ మిస్ అనే పిలుస్తోంది. నోరీన్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది.

సఫియా స్కేలుతో కవర్లన్నీ చించి, తారీకుల వరసన పేర్చి, ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగింది. ఇద్దరమని నోరీన్ చెప్పింది. క్లిఫర్డ్ గారి సంపాదన ఎంత అని అడిగింది. నోరీన్ రొట్టెల డబ్బా మూత పెట్టింది. బెర్నిస్ కిటికీలోంచి బయటికి చూసింది. సఫియాకు అర్థమై పెన్ను పక్కన పెట్టింది.

"మిస్, నా మాట వినండి. మీరు ఒంటరిగా ఉంటున్నారని, ఫలానా తారీకు నుంచని ఈ కాగితం మీద రాసివ్వండి. పాత బాకీలోంచి కూడా తొమ్మిది వందల దాకా కొట్టేస్తారు. ఈరోజే సంతకం పెడితే అరవై రోజులు అమీనా మీ గుమ్మం తొక్కకుండా నేను ఆపిస్తాను."

"ఇంటికి తీసుకెళ్ళి రాసుకొస్తానమ్మా. వచ్చే గురువారం."

సఫియా బతిమాలింది. బెర్నిస్ దారిపొడుగునా తిట్టింది. నడిసముద్రంలో పడవ దొరికితే, రేపు ఎక్కుతాననేవాళ్ళను ఏమంటాం? నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ ఆ కాగితం పట్టుకుని ఆమె ఇంట్లో గడిపిన ఆరు రోజులు తలుచుకుంటే నోరు రాదు. పేరు రాసింది, చిరునామా రాసింది. ఏ తారీకు నుంచి ఒంటరి అనే గడి ఒక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే దాని ముందు కూర్చునేది. నాలుగోరోజు ఏడ్చింది. ఇది రాస్తే క్లిఫర్డ్‌ను తన చేత్తో తనే బయటికి గెంటినట్టుంటుందని గోడతో చెప్పుకుంది. మధ్యలో శనివారం ఒక కవరు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అలవాటు ప్రకారం రొట్టెల డబ్బాలో వేసింది.

అందులో ఉన్నది, బుధవారం సామానుకు వస్తున్నామనే నోటీసు.

బుధవారం వాన లేదు, ఎండ కాస్తోంది. గారెత్ ఇంకొకడిని వెంటబెట్టుకుని వచ్చాడు. వ్యాన్ సరిగ్గా గుమ్మం ముందే ఆపారు. బెర్నిస్ తన కంతలోంచి, తలుపు తియ్యకు తలుపు తియ్యకని కేకలు పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం, సంతకం మేలోనే అయిపోయింది. నోరీన్ తనే తీసింది.

"మీ ఆయన ఉన్నారా అమ్మా? ఆయన వస్తువు కదా, చెప్పి తీసుకెళ్ళడం పద్ధతి."

"ఆయన పోయాడండీ," అంది నోరీన్. "నవంబరు పద్నాలుగుకి మూడేళ్ళవుతుంది."

మరణం నమోదైన రోజు తర్వాత బయటి మనిషితో ఆ మాట అనడం అదే మొదటిసారి. గారెత్ చేతిలోని జాబితా మడిచాడు. "అయ్యో, ఆ రోజే చెప్పి ఉంటే నేనే కౌన్సిల్‌కు తిప్పి పంపేవాణ్ణి కదమ్మా. ఇప్పుడు నా చేతుల్లో లేదు," అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే టీవీ ప్లగ్గు పీకాడు.

కార్నెట్‌ను ఒక పాత దుప్పటిలో చుట్టి వ్యాన్‌లో పెట్టారు. ఇంజను స్టార్టయ్యాక నోరీన్‌కు ఏదో గుర్తొచ్చింది. మేడ మీదికి పరిగెత్తి, తలుపు వెనక కోటు జేబులో చెయ్యి పెట్టి, అంతే వేగంగా దిగి, చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చి వ్యాన్ అద్దం కొట్టింది. గారెత్ అద్దం దించాడు. ఆమె అరచేతిలో బొటనవేలంత వెండి ముక్క ఉంది. బాకా ఊదేటప్పుడు నోటి దగ్గర పెట్టుకునే భాగం అది. క్లిఫర్డ్ దాన్ని ఎప్పుడూ జేబులోనే వెచ్చగా ఉంచుకునేవాడు.

"ఇది లేకపోతే అది మోగదు బాబూ. కొన్నవాళ్ళు ఇబ్బంది పడతారు," అంది.

గారెత్ దాన్ని తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

బెర్నిస్ గడప దగ్గరే నిలబడిపోయింది. 

మర్నాడు గురువారం. నోరీన్ ఆ గడిలో తారీకు వేసి లైబ్రరీలో ఇచ్చింది. సఫియా ఆ సాయంత్రమే అంతా పంపించింది, కానీ అప్పటికే తీసుకెళ్ళిన సామాను అమ్మకాన్ని ఆపలేకపోయింది. వేలంలో టీవీకి ఎవరూ పాడలేదు, కార్నెట్‌కు ఎనభై అయిదు పౌండ్లు వచ్చాయి. అమ్మకం ఖర్చుల కింద అమీనా కంపెనీ వేసిన రుసుము నూటపది. అంటే అది పోయి కూడా అప్పు పైసా తగ్గలేదు, పైగా పెరిగింది.

అక్టోబరులో కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. తొమ్మిది వందల పన్నెండు పౌండ్లు తగ్గించారు, మిగిలింది నెలకు ఇరవై చొప్పున కడితే చాలు. బెర్నిస్ చదివి వినిపించి, బతికిపోయావే అంది. నోరీన్ తల ఊపింది.

ఉత్తరం మాత్రం తనే విప్పింది, తలుపు దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పడ్డ క్షణంలోనే, నిలబడే. కవరు కిటికీలో శ్రీమతి ఎన్. హేగ్ అని ఒక్క పేరే ఉంది. ఇక దాచుకోవడానికి అందులో ఏమీ లేదు.