ఆరు నిమిషాల ఆసుపత్రి

అక్క పోయి ఏడాదైంది. ఇప్పటికీ ఆసుపత్రి మాట వస్తే ఆమె ముఖం కన్నా ముందు ఆమె విసుగే నాకు గుర్తొస్తుంది.

రెండు గదుల చిన్న ఆసుపత్రి అది. ఒక డాక్టరు, ఒక నర్సు. ఆ నర్సు మా అక్క. బీపీ చూడడం, కట్లు కట్టడం, సూదులు వేయడం, టోకెన్లు ఇవ్వడం అన్నీ ఆమె పనే. రెండో నర్సును ఇమ్మని మూడేళ్లుగా పై ఆఫీసుకు అర్జీలు పెడుతూనే ఉంది. ఆఖరికి వచ్చింది నర్సు కాదు, ఆసుపత్రి పనితీరు ఎలా మెరుగుపరుచుకోవాలో చెప్పే లావుపాటి ఫైలు. దాంతోపాటు గోడకు అంటించే పట్టికలు.

"మనిషిని పంపండ్రా అంటే కాగితాలు పంపారు," అంది ఇంటికొచ్చి, చెప్పులు మూలకు విసిరి. "ఇక వీటికి సూది వేయడం నేర్పాలి కాబోలు."

రోగి ఎంతసేపు కాచుకుంటున్నాడో రోజూ రాయాలట. టోకెన్ ఇచ్చిన క్షణం నుంచి లెక్క. డాక్టరుగారు ఆ వాక్యం రెండుసార్లు చదివి, తన ముందు కుర్చీ ఖాళీ అయ్యాకే టోకెన్ ఇమ్మన్నారు. జనం గేటు బయట ఎండలో నిలబడ్డారు. పట్టికలో మాత్రం సగటున ఆరు నిమిషాలు. పై ఆఫీసు మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఇంత చురుగ్గా నడుస్తున్నచోట రెండో నర్సు అక్కర్లేదని కూడా రాసింది.

మర్నాడు కుట్టుపని చేసే ఆవిడ అక్కను నిలదీసింది. "పొద్దున ఎనిమిదింటికి వచ్చానమ్మా. మేం మనుషులమా, గేటుకు కట్టిన తోరణాలమా?"

అక్క టోకెన్ల కట్ట తీసుకెళ్లి గేటు దగ్గరే పెట్టేసింది. ఎవరు వచ్చిన టైము వాళ్లనే తమ టోకెన్ మీద రాసుకోమంది. నెలాఖరుకు సగటు గంటా యాభై నిమిషాలు తేలింది.

"ఏంటి సిస్టర్ ఇది? పరువు తీసేశారు కదా!" అన్నారు డాక్టరుగారు.

"పరువు మీది, కాళ్లు వాళ్లవి సార్. సంతకం పెట్టండి."

"పెట్టకపోతే?"

"రేపటి నుంచి కట్లు మీరే కట్టుకోండి. నాకు సెలవులు బోలెడున్నాయి."

ఆయన గొణుక్కుంటూనే పెట్టారు. ముందు సంజాయిషీ అడుగుతూ ఉత్తరం వచ్చింది. అక్క నాలుగు పేజీల జవాబు రాసింది. మరో నాలుగు నెలలకు రెండో నర్సు వచ్చింది.

ఆ సాయంత్రం అక్క ఇంకా వెలుగుండగానే ఇల్లు చేరింది.

"ఎలా ఉంది కొత్తమ్మాయి?" అన్నాను.

"పిల్ల మంచిదే. కట్టు మాత్రం బట్టల మూట కట్టినట్టు కడుతోంది. రేపు మళ్లీ మొదటి నుంచి నేర్పాలి, నా ఖర్మ," అంటూ కాళ్లు చాపుకుని గోడకు చేరగిలబడింది.