ఎడమ బూటు అడుగున ఎనిమిది చిల్లులు

యుద్ధానికి ముందు సంగతి. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా మేం కొందరం సైకిలు పందేలు వేసుకునేవాళ్లం. నేను మద్రాసు నుంచి తోలు బూట్లు తెప్పించాను. వాటి అడుగున గాడి ఉన్న ఇనప పట్టీ మేకులతో కొట్టించాలి. ఆ గాడి పెడలు అంచును పట్టుకుంటే కాలు జారదు. దిగేటప్పుడు పెడలు మీది బెల్టు వదులు చేసి, కాలు వెనక్కి లాగాలి.

ఏలూరులో చర్చి గోడ పక్కన చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపించాను.

"వారం రోజులు ఉత్త బూట్లతో తొక్కి రండి బాబుగారూ. అడుగున పెడలు అచ్చు పడుతుందండీ. దాని మీదే కొడతాను. ఎవరి కాలి వాటం వారిదండి."

ఆయన పీట దగ్గర మరో జత ఉంది, పట్టీలు బిగించి. అది పందెంలో నాకు పోటీ అయిన గూడెం మిల్లు గుమస్తాది.

"ఆయనకి వారం అక్కర్లేదా?"

"ఆయన ఎప్పుడో తొక్కొచ్చారండీ."

నమ్మలేదు. వారం తర్వాత కొట్టి ఇచ్చాడు. ఇంటికి తెచ్చి చూస్తే కుడి పట్టీ తిన్నగా, ఎడమది వంకరగా ఉంది. గుమస్తా చేయించాడనే అనుకున్నాను. మేకులు పీకి, స్కేలు పెట్టి, తిన్నగా నేనే కొట్టుకున్నాను. నా ఎడమ పాదం నడకలోనే బయటికి తిరిగి ఉంటుందని తట్టలేదు.

పందెంలో దెందులూరు దాటాక గేదెలు అడ్డం వచ్చాయి. బెల్టు వదులు చేసి కాలు లాగాను. తిన్నటి గాడిలో వంకర కాలు బిగుసుకుపోయి రాలేదు. సైకిలుతో సహా పడ్డాను, భుజం విరిగింది. గుమస్తా పందెం వదిలి వెనక్కొచ్చి, లేసులు విప్పి నా కాలు బయటికి తీశాడు. అప్పుడు కూడా, తన పని ఎలా పారిందో చూసుకోవడానికే వచ్చాడనుకున్నాను.

కట్టుతోనే వెళ్లి నలుగురిలో ఆ బూటు పెద్దాయన ముందు పడేశాను. "ఎవరు చెయ్యమన్నారు నిన్ను?"

ఆయన పట్టీ ఊడదీశాడు. నాలుగు చిల్లులుండాల్సిన చోట ఎనిమిది ఉన్నాయి.

"ఈ నాలుగూ నావండీ" అన్నాడు. మిగతా వాటి మీద వేలు ఉంచి, నా ముఖం చూసి ఊరుకున్నాడు.

అర్థమైంది నాకొక్కడికే. నేనూ ఊరుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్లు పొలాలున్న ఇంటివాడినని నా మాటే నమ్మారు. బేరాలు పోయి, కొన్నాళ్లకు ఆయన ఆకివీడు వెళ్లిపోయాడు.

నిరుడు ఆ బూటు తీసుకుని ఆకివీడు వెళ్లాను. పెద్దాయన లేడు, ఆయన కొడుకు ఉన్నాడు. నాలుగు చిల్లులు నావని చెప్పాను.

"తెలుసండీ. నాన్న మాకు చెప్పేడు" అన్నాడు, బూటు తిప్పి చూస్తూ. "ఏలూరులో చెప్పేరా అండీ?"

లేదు. ఇప్పుడు చెబుతున్నాను.