పెద్ద డ్రమ్ముకి రాసిన ఖాళీ

మా అక్క మొగుడు తాళాలు బాగుచేస్తాడు. చర్చి బ్యాండుకి పాటలు రాసిపెట్టేదీ ఆయనే. కొత్త పాటలు కట్టడం కాదు. ఉన్న పాటనే విడదీసి, ఏ బాకా ఏ ముక్క ఊదాలో ఎవరి కాగితం మీద వాళ్లకి రాసివ్వడం. కొట్లో తాళంచెవులు అరగదీసే బల్ల మీదే ఆ కాగితాలు పరుచుకునేవాడు. మేం వాటిని ఇనుప రజను దులిపి అందుకునేవాళ్లం.

బావ వాయిద్యాన్ని చూసి రాయడు, మనిషిని చూసి రాస్తాడు. ఆయాసం ఉన్న పోస్టుమాస్టరుకి పొట్టి ముక్కలు. ప్లంబరుది తొందరపాటు, కాబట్టి ఎటూ పారిపోకుండా అతనికి సాగదీసే స్వరాలు. నేను పెద్ద డ్రమ్ము. నాకెలా రాసినా ఒకటేనని ఆయన గట్టి నమ్మకం. బావమరిదిని కదా, పడాలి. ఈ పద్ధతి ఆయనకి నేర్పింది వాళ్లన్నయ్య, మా పెద్దబావ. బ్యాండులో మొదటి కార్నెట్ పెద్దబావదే. కార్నెట్ అంటే రాగం మోసే చిన్న బాకా. మిగతావాళ్లందరం దాని వెనకాల నడిచేవాళ్లం.

పగిలిన చర్చి గంట తీసేసి కొత్తది ఎక్కించే రోజున, అందరికీ నోటికొచ్చిన పాత కీర్తన ఒకటి వాయించమని పాస్టరుగారు అడిగారు. ఆ కీర్తన మూడో పాదంలో మెట్టుమెట్టుగా ఎక్కి ఒక పై స్వరం దగ్గర నిలుస్తుంది. జనం గొంతు విప్పేదీ అక్కడే. ఏళ్ల తరబడి పెద్దబావ ఆ స్వరాన్ని, చెయ్యి చాచి అటక మీద డబ్బా దించినంత సులువుగా ఊదేవాడు. ఈమధ్య ముందు పళ్లు పోయి కట్టుడు పళ్లు వచ్చాయి. ఇప్పుడక్కడ స్వరం రావడం లేదు, గాలి వస్తోంది. అందరికీ వినబడుతోంది. ఆయనకీ వినబడుతోంది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

"మీరు చెప్పలేకపోతే నేను చెప్తాను," అంది అక్క, బావతో.

"నువ్వు చెప్తే ఇంకేమైనా ఉందా? అన్నయ్య బ్యాండే మానేస్తాడు," అన్నాడు బావ. "వదిన పోయాక ఆయన గడప దాటేది దీనికోసమే. ఇదీ పోతే మనిషి మనకి దక్కడు."

బావ కొన్నాళ్లు బుర్ర బద్దలుకొట్టుకుని ఒక ఉపాయం పట్టాడు. ఆ పై స్వరం దగ్గర బ్యాండు మొత్తం ఆగిపోవాలి, జనం గొంతులే దాన్ని అందుకోవాలి, ఆ తర్వాత మేం మళ్లీ కలవాలి. ఎవరూ ఊదనప్పుడు ఊదలేనివాడెవడో ఎవరికి తెలుస్తుంది? ప్రతి కాగితం మీదా అక్కడ ఖాళీ గుర్తు పెట్టాడు. నా కాగితం మీద కూడా. నాకంటూ ఒకటి ఆలోచించి రాశాడని నేను లోలోపల పొంగిపోయాను.

రిహార్సల్లో బాగానే కుదిరింది. "భలే ఉంది," అన్నాడు ప్లంబరు. అతనికి కొత్తదేదైనా భలేగానే ఉంటుంది. పెద్దబావ లేచి కార్నెట్ కుర్చీలో పెట్టాడు. ఒక్కో స్టాండు దగ్గరా వంగి కాగితాలు చూసుకుంటూ వచ్చి, చివరికి నా దగ్గర ఆగాడు. కళ్లజోడు సర్దుకుని నా కాగితం చదివాడు.

"ఏరా," అన్నాడు తమ్ముడితో, గొంతు పెంచకుండా. "డ్రమ్ముకి కూడా పళ్లు ఊడాయా?"

ప్లంబరు తన బూట్ల లేసులు చూసుకున్నాడు. బావ మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు.

"అది కాదన్నయ్యా..."

"ఏది కాదో నాకు తెలుసులే. మనిషిని చూసి రాయమన్నాను గానీ మనిషిని దాచిపెట్టమన్నానా? ఆ పాట అంత దూరం ఎక్కేదే ఆ స్వరం కోసం. నా పళ్ల కోసం దాని పీక నొక్కుతావా?"

"నువ్వు మానేస్తావేమోనని..."

"మానేద్దామనే వచ్చాను ఇవాళ," అన్నాడు పెద్దబావ.

తర్వాత తన కాగితం తీసుకెళ్లి, రెండో కార్నెట్ ఊదే బేకరీ ఆవిడ స్టాండు మీద పెట్టి, ఆవిడ కాగితం తాను తీసుకున్నాడు. కుర్చీ కూడా మార్చుకున్నాడు. కూర్చుని పైనుంచి కిందికి చదివి, "దీంట్లో పనేముందిరా? రెండో కార్నెట్ అంటే అంత అలుసా? మళ్లీ రాయి," అన్నాడు.

బావ మళ్లీ రాశాడు. గంట ఎక్కించిన రోజున చర్చి మెట్ల మీద నిలబడి వాయించాం. అందరి కాగితాల్లోనూ ఖాళీలు తీసేసిన బావ నాది మాత్రం మరిచిపోయాడు. నా సంగతి ఎప్పుడు గుర్తుంది కనక. మూడో పాదం ఎక్కసాగింది. పై స్వరం దగ్గర నేను కర్ర ఎత్తి ఆగాను. నా మోత లేకపోవడంతో అక్కడ ఏం జరుగుతుందో మొదటిసారి నాకు వినబడింది. పైన బేకరీ ఆవిడ స్వరం, కొంచెం వణుకుతూ. దాని కింద పెద్దబావ స్వరం, గాలి లేకుండా, నిండుగా, ఆవిడ తూలిపోకుండా పట్టుకున్నట్టు.

మా ముందు నిలబడి, తాళం చూపిస్తూ చెయ్యి ఊపుతున్న బావకి ఏడుపొచ్చేసింది. చెయ్యి మాత్రం ఆపలేదు. నాకూ వచ్చింది, దాంతో తర్వాతి దెబ్బ కొట్టడం మరిచిపోయాను. పెద్దబావ ఊదుతూనే నా వైపు కోపంగా చూశాడు.