బత్తాయి కోసే చెయ్యి

మా అన్న బాటసింగారం పండ్ల మార్కెట్లో బత్తాయిలు కోసి చూపించేవాడు. వేలానికి ముందు కొనేవాళ్లు రసం చూడాలి. ఎడమ అరచేతిలో కాయ పెట్టుకుని, కుడిచేత్తో ఒక్క వేటుకు రెండు చెక్కలు చేసేవాడు. వేళ్లకు ఎప్పుడూ చిన్న గాట్లుండేవి. పులుపు తగిలి మండేవి గానీ తొందరగానే ఆరేవి.

ఒక ఉదయం అతని మూతి వంకరపోయి మాట తడబడింది. సాయంత్రానికి సర్దుకుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు దాన్ని పక్షవాతానికి ముందు హెచ్చరిక అన్నాడు. రక్తం గడ్డకట్టకుండా గోలీ రాసి, తనను అడగకుండా ఒక్కరోజూ మానొద్దన్నాడు.

గోలీ మొదలుపెట్టాక గాట్లనుంచి నెత్తురు ఆగేది కాదు. ఒకరోజు కోసిన బత్తాయి చెక్క మీద చుక్క పడింది.

"ఏందే, కాయతోని నెత్తురు గూడ అమ్ముతున్నవా?" అని ఒక వ్యాపారి నలుగురిలో నవ్వాడట. అప్పటినుంచి అన్న మార్కెట్ సెలవు రోజునే గోలీ వేసుకునేవాడు. మాకు చెప్పలేదు.

రెండోసారి వచ్చింది సర్దుకోలేదు. కుడిచెయ్యి, కుడికాలు, మాట పోయాయి. దవాఖానకు పోయేటప్పుడు వదిన గోలీల కోసం వెతికితే అట్టలు చాలావరకు నిండుగానే దొరికాయి. వ్యాపారి మాట సంగతి తర్వాత ఒక హమాలీ చెప్పాడు.

ఎల్బీనగర్‌లో అన్నకు వ్యాయామం చేయించే చోట, బయట బెంచీ మీద వదిన అడిగింది.

"అందరి వడ్డీలు, వాటాలు లెక్కగడ్తవు గద. గిది చెప్పు. రోజూ ఏసుకుంటే మీ అన్నకు గిట్ల అయితుండెనా, కాకపోతుండెనా?"

డాక్టర్ని అడిగాను. "వేసుకునేవాళ్లలోనూ కొందరికి వస్తుందండీ. మానేసినవాళ్లలో కొందరికి రాదు. మొత్తమ్మీద ముప్పు తగ్గుతుంది, అంతే. మీ అన్నగారికి ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు."

బడిలో నేర్వని లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ని. వివరాలన్నీ దొరికితే ఏ లెక్కయినా తేలుతుందనుకునేవాణ్ని. ఇది ఎన్నిసార్లు వేసినా చాలామందికి కలిపి అయితే తేలుతుంది, మా అన్న ఒక్కడికి తేలదు. వదినకు అదే చెప్పాను.

"అయితుండె అంటే నసీబనుకుంటుంటి. కాకపోతుండె అంటే కూసొని తిడ్తుంటి. రెండిట్ల ఏదీ లేకుంట చేస్తివి," అంది.

ఇప్పుడు అల్మాస్‌గూడలో వాళ్లింట్లో రోజూ ఆమే గోలీ వేస్తుంది. మొన్న గడ్డం గీస్తుంటే బ్లేడు తగిలింది. గుడ్డ అదిమిపట్టినా నెత్తురు చాలాసేపు ఊరింది. తర్వాత గోలీ ఇవ్వబోతే, అన్న గుడ్డ మీది మరక చూపించి, ఎడమచేత్తో ఆమె చేతిని నెట్టేశాడు.

"ఇంక ఏ కాయ గొయ్యాలని నీకు పరేషాను?" అంది వదిన. "నోరు తెరువు."

తెరిచాడు.